లోహానికి గిరాకీ వుంది, లైనుకు దారి లేదు

హైదరాబాద్: విద్యుత్తు లైన్ల విస్తరణ పనులు దేశవ్యాప్తంగా ఊపందుకోవడంతో అల్యూమినియం కండక్టర్లు, టవర్ల ఇనుము, ట్రాన్స్‌ఫార్మర్ సరుకులకు గిరాకీ గట్టిగా వున్నది. ఆర్డరు పుస్తకాలు నిండుగానే కనిపిస్తున్నాయి. కాని ఆ సరుకు గోదాము దాటి పొలం మీద టవరుకు ఎక్కడంలో జాప్యం జరుగుతున్నదన్నది ఈ వ్యాపారంలో వున్నవారందరి అనుభవం. సరుకు దొరకక కాదు. తీగ లాగడానికి దారి దొరకక.

సూర్యరశ్మితోను, గాలితోను తయారయ్యే కరెంటు మామూలు సరుకు వంటిది కాదు. గుంటూరు మిర్చికి లారీ దొరకకపోతే కోల్డు స్టోరేజీలో పెట్టి రెండు నెలలు ఆగవచ్చు. నిజామాబాద్ పసుపుకు ధర నచ్చకపోతే బస్తాలు కదలకుండా వుంచవచ్చు. మధ్యాహ్నం పన్నెండు గంటల సోలార్ కరెంటుకు తీగ దొరకకపోతే పన్నెండు గంటల ఒక్క నిమిషానికి ఆ సరుకే లేదు. రవాణా లేకపోవడమంటే ఈ వ్యాపారంలో ధర తగ్గడం కాదు, సరుకు మాయం కావడం. అందుకే ప్యానెళ్ల ధర ఎంత పడిపోయిందన్న దాని కంటె లైను ఎప్పుడు పూర్తవుతుందన్న దానికే ఇప్పుడు విలువ ఎక్కువ.

పేట వాడకం, దూరపు ఉత్పత్తి

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలను తీసుకుంటే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. బట్టల షోరూములు, బంగారు దుకాణాలు, హోటళ్లు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు, నిమ్స్ ఆసుపత్రి, వీటన్నిటి నెత్తిమీదుగా రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషను. మేడల మీద అక్కడక్కడ పెట్టిన సోలార్ పలకల మాట వదిలేస్తే ఈ పేటలలో తయారయ్యే కరెంటు లేదు. అంతా బయటినుంచి రావలసిందే. మెట్రో రైలుకే యూసుఫ్‌గూడ, మియాపూర్, ఉప్పల్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ల వద్ద 132 కె.వి. సబ్‌స్టేషన్లు వేరుగా కట్టవలసి వచ్చింది.

పూర్వం ఇట్లా లేదు. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నెలకొల్పిన విద్యుత్కేంద్రం పంజగుట్టకు కూతవేటు దూరం. అప్పట్లో బొగ్గు ఊళ్లోకి వచ్చేది, కరెంటు ఊళ్లోనే తయారయ్యేది. ఆ కేంద్రం 1995లో నేలమట్టమైంది. ఇప్పుడు బొగ్గు గని దగ్గరే వుండిపోతున్నది, కరెంటు తీగ మీద ప్రయాణం చేస్తున్నది. సోలార్, పవన విద్యుత్తులకైతే ఈ ప్రయాణం ఇంకా దూరం. ఎండ, గాలి, చవక భూమి మూడూ కలిసి వున్న చోటు అనంతపురం, కర్నూలు, లేదా రాజస్థాన్, కచ్. కొనుగోలుదారుడు వున్న చోటు అమీర్‌పేట.

వాడకం ఎంతగా పెరిగిందో చూడాలంటే తెలంగాణ రాష్ట్రపు గరిష్ఠ గిరాకీ చాలు. 2014లో రాష్ట్రం ఏర్పడేనాటికి అది 5,700 మెగావాట్ల దరిదాపుల్లో వుండేది. 2024 మార్చి 8న 15,623 మెగావాట్లకు, 2025 మార్చి 20న 17,162 మెగావాట్లకు చేరింది. పదకొండేళ్లలో మూడు రెట్లు. మార్చిలోనే ఈ అంకెలు రావడానికి కారణం ఏసీల కంటె యాసంగి వరికి పెట్టే బోరు మోటార్లు. అంటే షోరూము యజమాని, వరి రైతు ఒకే తీగ మీద ఒకే సమయంలో బేరానికి దిగుతున్నారన్న మాట.

వేరుపడిన దక్షిణాది

రవాణా లేకపోతే ధర ఏమవుతుందో ఈ ప్రాంతపు వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 2012, 2013 సంవత్సరాలలో పరిశ్రమలకు వారానికి ఇన్ని రోజులని పవర్ హాలిడేలు ప్రకటించారు. అమీర్‌పేట కాలిబాటల మీద జనరేటర్ల పొగ తగ్గని రోజులవి. దేశంలో అప్పుడు కరెంటు లేక కాదు. తూర్పున, పడమట మిగులు వున్న గంటలు చాలానే వుండేవి. తెచ్చుకోవడానికి దారి ఇరుకు.

మిగిలిన దేశమంతా ఒకే గ్రిడ్‌గా నడుస్తుంటే దక్షిణాది మాత్రం వేరుగా వుండేది. మధ్యలో భద్రావతి, గాజువాక వద్ద డి.సి. లింకులు, తాల్చేరు నుండి కోలారుకు డి.సి. లైను, ఇవే పెద్ద ద్వారాలు. ఈ ఎడబాటు ఒక మేలు కూడ చేసింది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాలు చీకటిలో మునిగినప్పుడు దక్షిణాదిలో దీపాలు వెలుగుతూనే వున్నాయి. అయితే ఆ రెండు రోజుల మేలుకు ఏళ్ల తరబడి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు 765 కె.వి. లైనుతో దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో కలిసింది.

కలిసినంత మాత్రాన ఇరుకు తీరలేదు. 2008లో మొదలైన విద్యుత్ ఎక్స్ఛేంజీలో రేపటి కరెంటుకు నేడు బేరం జరుగుతుంది. రోజును పావు గంటల లెక్కన 96 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క ధర తేలుస్తారు. లైను చాలినంత కాలం దేశమంతటికీ ఒకే ధర. చాలని పక్షంలో మార్కెట్టును ముక్కలు చేసి, ప్రాంతానికొక ధర ప్రకటిస్తారు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలు వున్న ముక్కకు, తమిళనాడుకు, కేరళకు వేర్వేరు ధరలు. గ్రిడ్ కలిసిన తరువాత కూడ ఒకటి రెండేళ్ల పాటు ఉత్తరాది ధరకు, దక్షిణాది ధరకు మధ్య తేడా బాగా హెచ్చుగానే కనిపించింది. వార్ధా - నిజామాబాద్ - మహేశ్వరం, అంగుల్ - శ్రీకాకుళం - వేమగిరి వంటి 765 కె.వి. లైన్లు వచ్చిన తరువాతనే ఆ తేడా సన్నగిల్లింది. రాయ్‌గఢ్ నుండి తమిళనాడులోని పుగళూరుకు 6,000 మెగావాట్ల డి.సి. లైను కూడ తరువాత తోడైంది. నాలుగు లైన్లు ఒక ప్రాంతపు ధరను మార్చాయి. ఏ కొత్త విద్యుత్కేంద్రమూ అంత త్వరగా ఆ పని చేసి వుండేది కాదు.

బయానా తగాదా

లైనులో చోటు ముందుగా బుక్ చేసుకోవడం మంచిదే, కాని వాడుకోకపోతే ఏమిటన్న ప్రశ్నకు కూడ తెలంగాణలోనే ఉదాహరణ వున్నది. కరెంటు కొరత తీవ్రంగా వున్న 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ నుండి 1,000 మెగావాట్ల కొనుగోలుకు రాష్ట్రం అవగాహన కుదుర్చుకున్నది; 2015 సెప్టెంబరులో ఒప్పందమైంది. దానికోసం పవర్‌గ్రిడ్ లైనులో 1,000 మెగావాట్ల చోటు, ఆపైన మరో 1,000 మెగావాట్ల చోటు కోరారు. రెండవది తరువాత వదులుకున్నారు. వదులుకున్నందుకు సుమారు రూ. 261 కోట్లు చెల్లించాలని పవర్‌గ్రిడ్, బాకీ లేదని రాష్ట్రం తగాదా పడ్డాయి. 2022 తరువాత ఛత్తీస్‌గఢ్ కరెంటే నిలిచిపోయింది. 2024 సెప్టెంబరులో ఈ బాకీ కారణంగా తెలంగాణ డిస్కాములను ఎక్స్ఛేంజీ లావాదేవీల నుండి ఆపివేయగా, హైకోర్టు జోక్యంతో ఆ చిక్కు వీడింది.

బయానా ఇచ్చి సరుకు ఎత్తని వ్యాపారికి ఏమవుతుందో బేగంబజారులో ఎవరిని అడిగినా చెబుతారు. లైను కట్టినవాడు వడ్డీ కడుతూనే వుంటాడు. కాకపోతే ఇక్కడ నష్టం ఎవరి ఖాతాలో పడినా చివరకు అది కరెంటు బిల్లులోకే వస్తుంది.

అంకెలు ఘనం, గడువు ఇరుకు

ప్రణాళికల విషయానికి వస్తే అంకెలకు కొదవ లేదు. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తు లక్ష్యంగా కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులో రూ. 2.44 లక్షల కోట్ల లైన్ల ప్రణాళిక ఇచ్చింది. 2024 అక్టోబరులో విడుదలైన జాతీయ ప్రణాళిక దానిని 2032 వరకు విస్తరించి రూ. 9.15 లక్షల కోట్లు అన్నది. దేశంలో 2024లో 4.85 లక్షల సర్క్యూట్ కిలోమీటర్లుగా వున్న లైన్లు 2032 నాటికి 6.48 లక్షలకు చేరాలి. ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి కరెంటు మళ్లించే శక్తి 119 గిగావాట్ల నుండి 168 గిగావాట్లకు పెరగాలి.

ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరు విధానంలో 160 గిగావాట్లకు పైగా స్వచ్ఛ విద్యుత్తును కోరుకున్నది. తెలంగాణ 2025 జనవరి విధానంలో 2030 నాటికి 20,000 మెగావాట్లు అదనంగా కావాలన్నది. కర్ణాటకలోని బీదర్ సోలార్ మండలం నుండి మన మహేశ్వరానికి 765 కె.వి. డబుల్ సర్క్యూట్ లైను కేంద్ర ప్రణాళికలో వున్నది. ఈ లైను మీద హైదరాబాద్ పరిసరాల వారు ప్రత్యేకంగా కన్ను వేసి వుంచవలసి వున్నది.

చిక్కంతా గడువులో. సోలార్ పార్కు ఏడాదిన్నర, రెండేళ్లలో లేచి నిలబడుతుంది. పెద్ద లైనుకు అనుమతులు, సర్వే, దారి కలుపుకొని మూడు నుండి ఐదేళ్లు. ఈ తేడా ఫలితం 2025లో రాజస్థాన్‌లో కనిపించింది. లైన్లు సకాలంలో పూర్తికాక ఎండ బాగా కాసే గంటలలో వేల మెగావాట్ల సోలార్ కేంద్రాలను ఆపివేయవలసి వచ్చింది. అదే ఏడాది మే 25, ఆదివారం, ఎక్స్ఛేంజీలోని తక్షణ మార్కెట్టులో కొన్ని భాగాలకు ధర సున్నాకు పడిపోయింది. సాయంత్రం కాగానే మళ్లీ గిరాకీ. ఒకే రోజులో మధ్యాహ్నం ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేకపోవడం, రాత్రి యూనిట్‌కు రూ. 10 గరిష్ఠ పరిమితిని తాకడం, ఇటువంటి ఊగిసలాట ఏ పప్పుధాన్యంలోనూ చూడం.

ఈ తేడాను సొమ్ము చేసుకోవడానికే నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి వంటివి వచ్చాయి. పగటి కరెంటుతో నీరు పైకి ఎక్కించి రాత్రి దించుతారు. దీనిని కరెంటుకు గోదాము అనుకోవచ్చు. గోదాము వున్నంత మాత్రాన లారీ అక్కర లేదనుకోరాదు.

ఇంకొక మార్పు గమనించదగినది. 2025 జూన్ 30 లోగా ప్రారంభమైన సోలార్, పవన కేంద్రాల కరెంటుకు అంతర్రాష్ట్ర లైను ఛార్జీల నుండి పూర్తి మినహాయింపు వుండేది. ఆ తరువాత వచ్చేవాటికి ఏటా నాలుగవ వంతు చొప్పున ఛార్జీ పెరుగుతూ 2028 జూన్ తరువాత పూర్తిగా పడుతుంది. ఇన్నాళ్లు కూలీ ఎవరో భరించినందువల్ల రాజస్థాన్ కరెంటుకు, ఇంటి పక్క కరెంటుకు తేడా లేకపోయింది. ఇకపై దూరానికి ధర వుంటుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ ఎండకు ఇది లాభించే అవకాశం వున్నది.

కిలోమీటరుకు 42 టన్నులు

లోహ వర్తకులకు కావలసిన లెక్క వేరు. వోల్టేజి రెండింతలైతే అదే కరెంటును సగం ఆంపియర్లతో పంపవచ్చు, తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే కొత్త లైన్లన్నీ 765 కె.వి. వైపు మొగ్గుతున్నాయి. ఈ లైన్లలో వాడే ‘జీబ్రా’ తీగ కిలోమీటరుకు సుమారు 1.62 టన్నులు. అందులో అల్యూమినియం 1.18 టన్నులు, మిగిలినది మధ్యలో బలానికి వేసే ఉక్కు. డబుల్ సర్క్యూట్ లైనుకు మూడు ఫేజులు, రెండు సర్క్యూట్లు, ఫేజుకు ఆరు తీగలు, వెరసి 36 తీగలు. అంటే కిలోమీటరుకు అల్యూమినియం 42 టన్నుల పైచిలుకు. నూరు కిలోమీటర్లకు 4,250 టన్నులు. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు పడుతుంది గనుక, ఆ నూరు కిలోమీటర్ల తీగలోనే దాదాపు ఆరు కోట్ల యూనిట్లు ముందే ఖర్చయి వున్నాయన్న మాట.

అల్యూమినియం విషయంలో దేశానికి లోటు లేదు. నాల్కో, హిందాల్కో, వేదాంత సరఫరా చాలినంత వున్నది. రాగి సంగతి అట్లా కాదు. 2018 మేలో తూత్తుకుడి కర్మాగారం మూతపడిన నాటి నుండి రాగిలో దేశం దిగుమతులపై ఆధారపడుతున్నది. 2024 మార్చిలో ముంద్రాలో కొత్త కర్మాగారం మొదలైనా లోటు తీరలేదు. నగరాల్లో భూగర్భ కేబుళ్లు పెరిగేకొద్దీ రాగి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కడ వీలైతే అక్కడ అల్యూమినియం కేబుళ్ల వైపు మళ్లడం కూడ జరుగుతున్నది.

అసలు బిగువంతా ట్రాన్స్‌ఫార్మర్ల వద్ద. వాటి గుండెలో వేసే ప్రత్యేక సిలికాన్ ఉక్కు దేశంలో తయారయ్యేది స్వల్పం. నాసిక్‌లోని కర్మాగారాన్ని జె.ఎస్.డబ్ల్యు., జపాన్ జె.ఎఫ్.ఇ. సంస్థలు కలిసి తీసుకున్నాయి, మిగిలినదంతా దిగుమతి. ప్రపంచమంతా ఒకేసారి ట్రాన్స్‌ఫార్మర్ల కోసం క్యూ కట్టడంతో పెద్ద సైజులకు ఏడాదికి మించి ఆగవలసి వస్తున్నది. రుద్రారంలోని తోషిబా కర్మాగారం విస్తరణకు దిగడం ఈ గిరాకీని చూసే.

ధర ఎవరి నెత్తిన పడుతుందన్నది మరో పేచీ. పాత పద్ధతిలో లోహం ధర పెరిగితే సూచీ ప్రకారం బిల్లు పెంచుకునే వీలుండేది. 2011 నుండి అంతర్రాష్ట్ర లైన్లకు వేలం పద్ధతి వచ్చింది. తక్కువ ఛార్జీ కోట్ చేసినవాడిదే లైను, ఆ ఛార్జీ 35 ఏళ్లకు ఖాయం. 2022 మార్చి 7న లండన్‌లో అల్యూమినియం టన్ను 4,000 డాలర్లు దాటింది. ఆరు నెలల్లో దాదాపు సగానికి పడింది. మార్చిలో తీగ కొన్నవాడికి, సెప్టెంబరులో కొన్నవాడికి తేడా ఎంతో లెక్క వేసుకోవచ్చు. లైను గెలిచినవాడు ఈ ముప్పును తీగ తయారీదారు మీదికి, అతడు రాడ్ సరఫరాదారు మీదికి నెట్టడం పరిపాటి. చిన్న సరఫరాదారులు ధర ఖాయం చేసే ఒప్పందాలకు జంకుతున్నారంటే ఆశ్చర్యం లేదు.

లోహాన్ని మించిన భూమి

ఇంత లెక్క వేసిన తరువాత తేలేదేమంటే, లైను ఖర్చులో ఇకపై పెద్ద పద్దు లోహం కాకపోవచ్చు. 765 కె.వి. డబుల్ సర్క్యూట్ లైనుకు 67 మీటర్ల వెడల్పు దారి కావాలి. కిలోమీటరుకు 16.5 ఎకరాలు. భూమి రైతుదే, సాగు చేసుకోవచ్చు. ఇల్లు కట్టరాదు, చెట్టు పెంచరాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలతో లైను వేసేవాడు పొలంలోకి దిగవచ్చు, పరిహారం తరువాత తేలుతుంది. 2015 మార్గదర్శకాలలో టవరు కింది చోటుకు భూమి విలువలో 85 శాతం, తీగ కింది దారికి 15 శాతానికి మించకుండా ఇమ్మన్నారు. 2024 జూన్‌లో టవరుకు 200 శాతం, దారికి 30 శాతం చేశారు. 2025 మార్చిలో దారికి పల్లెల్లో 30, మునిసిపాలిటీల్లో 45, కార్పొరేషన్లు, మహానగరాల్లో 60 శాతం, అదీ మార్కెట్ విలువ మీద అన్నారు.

లెక్క కోసం పల్లెలో ఎకరం రూ. 40 లక్షలనుకుంటే కిలోమీటరు దారికి పరిహారం రూ. 1.98 కోట్లు. టన్ను రూ. 2.5 లక్షలనుకుంటే అదే కిలోమీటరులోని అల్యూమినియం విలువ రూ. 1.06 కోట్లు. నగరపు అంచున ఎకరం రూ. 2 కోట్లయితే దారికే దాదాపు రూ. 10 కోట్లు. పరిహారం హెచ్చిందని కంపెనీలు గొణగవచ్చు. కాని ప్లాట్లుగా అమ్ముకోగల నేల మీద తీగ పడిన రైతుకు, 30 శాతం చేతికి వచ్చినా, మిగిలిన 70 శాతానికి బేరం వచ్చే ఆశ తగ్గుతుంది. పదేళ్ల క్రితం 15 శాతంతో సరిపెట్టుకున్నవాడు పక్కనే కొత్త లైనుకు రెట్టింపు ఇస్తుంటే చూస్తూ వుండడు. లైన్లు ఆగుతున్నది కోర్టుల్లో కంటె ఇటువంటి పొలం గట్ల మీదనే ఎక్కువ. ముందుగా, ఒకే ధరకు, నగదు చెల్లించిన చోట పని త్వరగా సాగుతుందన్నది కాంట్రాక్టర్లకు తెలియని రహస్యం కాదు.

దుకాణదారుకు ఏమిటి?

పంజగుట్ట చౌరస్తాలో ఎకరం మాట ఎవరూ ఎత్తరు, గజం లెక్కే. అక్కడ టవర్ల ప్రశ్న లేదు, అంతా నేల కిందనే. నగరంలో కరెంటు తీగలను భూగర్భంలోకి మార్చే పథకాన్ని రాష్ట్ర మంత్రివర్గం 2025 నవంబరులో ఆమోదించింది. ఇవి పంపిణీ తీగలు, పెద్ద లైన్లు కావు. అయినా రోడ్డు తవ్వకం, కేబుల్ గిరాకీ, వ్యాపారానికి కలిగే ఆటంకం మూడూ ఒకేసారి వస్తాయి. పండుగ సీజనుకు ముందు తవ్వకం మొదలైతే బట్టల షోరూములకు ఇబ్బందే.

లైన్ల ఖర్చు బిల్లులో వేరు పద్దుగా కనిపించదు గాని, యూనిట్ ధరలోను, స్థిర ఛార్జీలోను కలిసి వస్తుంది. రాష్ట్ర లైన్ల ఛార్జీలను విద్యుత్ నియంత్రణ మండలి 2024-25 నుండి 2028-29 వరకు అయిదేళ్ల కాలానికి ఖాయం చేస్తుంది. మండలి కార్యాలయం ఇప్పుడు అమీర్‌పేటకు దగ్గరలోనే, కల్యాణ్‌నగర్‌లో వున్నది. విచారణలలో పరిశ్రమల సంఘాలు, రైతు సంఘాలు హాజరై అభ్యంతరాలు చెబుతుంటాయి. రిటైల్ వర్తక సంఘాలు కూడ అదే శ్రద్ధ చూపితే మంచిది. భారంలో వాటి వాటా చిన్నది కాదు.

కరెంటు ధరలపై పందెం కాయదలచిన బ్రోకర్లకు 2025 జూలై నుండి ఎం.సి.ఎక్స్., ఎన్.ఎస్.ఇ.లలో ఫ్యూచర్స్ దారి తెరిచి వున్నది. ఎం.సి.ఎక్స్.లో లాటు 50 మెగావాట్ అవర్లు, అంటే 50,000 యూనిట్లు. సరుకు అప్పగింత లేదు, రేపటి మార్కెట్టు నెలసరి సగటుపై నగదు పరిష్కారం. అయితే ఆ సగటు ఒక ప్రాంతపు ధర కాదని గుర్తుంచుకోవాలి. లైను ఇరుకై దక్షిణాది ధర విడిపోయిన రోజున, ఇక్కడి వాడకందారుకు కాంట్రాక్టులో వచ్చిన లాభం బిల్లులో వచ్చిన నష్టాన్ని పూర్తిగా పూడ్చకపోవచ్చు. బీదర్ - మహేశ్వరం వంటి లైన్ల పురోగతి, మార్చి నెల గరిష్ఠ గిరాకీ, లండన్ అల్యూమినియం, ఈ మూడింటినీ కలిపి చూడనివారు ఈ కాంట్రాక్టులలోకి పెద్ద మొత్తాలతో దిగకుండా వుండడమే శ్రేయస్కరమని మార్కెట్ వర్గాలలో వినవస్తున్నది.